ఇమ్మిగ్రేషన్ చట్టం పట్టపుపాలెం దాకా వస్తే

సరిహద్దు అనగానే ముళ్లకంచె, మంచుకొండ, వాఘా గేటు గుర్తొస్తాయి. టీవీలో ఎక్కువగా కనిపించేవి అవే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీర గ్రామాలకు మాత్రం సరిహద్దు వేటకు వెళ్లే దారిలోనే ఉంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటితే దేశ ప్రాదేశిక జలాలు అయిపోతాయి. ఇసకపల్లి నుంచో కొత్తపట్నం నుంచో ఇంజిన్ బిగించిన ఫైబర్ బోటులో బయల్దేరితే రెండు మూడు గంటల ప్రయాణం. అక్కడ కంచె లేదు, గేటు లేదు, నీళ్ల మీద గీత కూడా లేదు. ఎవరు లోపలికి వస్తున్నారో, ఎవరు బయటికి పోతున్నారో ముందుగా కంటపడేది వల వేసుకుని కూర్చున్న మనిషికే.

2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టాన్ని ఈ తీరం మీద నిలబడి చదివితే కొన్ని సంగతులు స్పష్టంగా కనిపిస్తాయి. ఢిల్లీలో జరిగిన చర్చంతా శిక్షల చుట్టూ, చొరబాటుదారుల చుట్టూ తిరిగింది. ఈ దేశం ధర్మశాల కాదని కేంద్ర హోంమంత్రి అమిత్ షా 2025 మార్చి 27న లోక్‌సభలో అన్న మాటే పత్రికల్లో హెడ్డింగ్ అయింది. కానీ చట్టంలో రాసిన పని రోజూ చేయాల్సింది మంత్రులు కాదు. సముద్రం మీద మత్స్యకారుడు, ఊళ్లో లాడ్జీ గుమస్తా, క్వారీ దగ్గర లేబర్ మేస్త్రీ, స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్. చట్టం ఎంత గట్టిదో ఈ నలుగురి చేతుల్లో తేలుతుంది. ఆ నలుగురికి చట్టం ఏమి ఇచ్చింది, ఏమి ఇవ్వలేదు అన్నదే అసలు చూడాల్సిన విషయం.

ముందు చట్టం సంగతి. లోక్‌సభ మార్చి 27న, రాజ్యసభ ఏప్రిల్ 2న ఆమోదించాయి. ఏప్రిల్ 4న రాష్ట్రపతి సంతకం పడింది. దీంతో నాలుగు పాత చట్టాలు రద్దయ్యాయి: 1920 నాటి పాస్‌పోర్టు చట్టం, 1939 నాటి విదేశీయుల రిజిస్ట్రేషన్ చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం, విమాన, నౌకా సంస్థల బాధ్యత గురించి 2000లో చేసిన చట్టం. వీటిలో మొదటి మూడూ తెల్లవాళ్ల కాలంలో పుట్టినవే. 1939, 1946 చట్టాల వెనక రెండో ప్రపంచ యుద్ధపు భయం ఉంది. ఆ భయం ఎలాంటిదో మన తీరానికి తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో పరాయి మనిషి కనబడితే శత్రువేమో అనుకోవడం సహజం. అలాంటి కాలంలో రాసిన వాక్యాలు దాదాపు 80 ఏళ్లు నడిచాయి కాబట్టి, వాటన్నిటినీ కలిపి ఒకే చట్టంగా రాయడం అవసరమైన పనే. 1971 నుంచి పనిచేస్తున్న ఇమ్మిగ్రేషన్ బ్యూరోకు చట్టంలో చోటు దొరికింది ఇప్పుడే.

శిక్షలు బాగా పెరిగాయి. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వస్తే ఐదేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. దొంగ పాస్‌పోర్టు, దొంగ వీసా వాడినా, చేసి ఇచ్చినా రెండేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, లక్ష నుంచి 10 లక్షల దాకా జరిమానా. వీసా గడువు అయిపోయాక ఉండిపోతే మూడేళ్ల వరకు జైలు, 3 లక్షల వరకు జరిమానా. పత్రాలు లేని మనిషిని ఎక్కించుకొచ్చిన నౌకకో విమానానికో 2 లక్షల నుంచి 5 లక్షల దాకా పడుతుంది.

అంకెలు గట్టిగానే ఉన్నాయి. అయితే రాత్రిపూట సముద్రం మీద దొంగచాటుగా వచ్చేవాడు శిక్ష ఐదేళ్లా ఏడేళ్లా అని లెక్క వేసుకుని రాడు. పట్టుబడతానా లేదా అనే చూసుకుంటాడు. కాబట్టి అసలు మాట సముద్రం దగ్గరే మాట్లాడుకోవాలి.

2008 నవంబరు 26 నాటి ముంబై ఉగ్రదాడిని ఎవరూ మరిచిపోలేదు. కరాచీ నుంచి బయల్దేరిన 10 మంది, కుబేర్ అనే గుజరాత్ చేపల బోటును దారిలో పట్టుకుని, అందులో వాళ్లను చంపి, ముంబై దాకా వచ్చి, చివరికి రబ్బరు బోటు మీద కొలాబాలోని మత్స్యకారుల బస్తీ ఒడ్డున దిగారు. దిగినప్పుడు వాళ్లను చూసి ఎవరు మీరు, ఎక్కడి నుంచి వస్తున్నారు అని అడిగింది పోలీసులు కాదు, నిఘా విభాగం కాదు. ఆ బస్తీ మత్స్యకారులే. మీ పని మీరు చూసుకోండి అన్న జవాబు విని వాళ్లకు అనుమానం వచ్చింది. కానీ ఆ అనుమానం అందాల్సిన చోటికి అందాల్సిన వేగంతో అందలేదు. తీర భద్రత గురించి ఎన్ని చట్టాలు చదివినా ఇంతకంటే పెద్ద పాఠం దొరకదు. చూసిన కళ్లకూ వినాల్సిన చెవులకూ మధ్య దారి ఉండాలి. ఆ రాత్రి ఆ దారి లేదు.

ఆ తర్వాత చాలా పనులు జరిగాయి. తీరం దగ్గర మెరైన్ పోలీసులు, వాళ్లకు ఆవల కోస్ట్ గార్డు, అన్నిటికీ పైన నౌకాదళం అని మూడు వరుసల ఏర్పాటు బలపడింది. మత్స్యకారులకు బయోమెట్రిక్ గుర్తింపు కార్డులు, బోట్లకు రిజిస్ట్రేషన్ నంబర్లు, రాష్ట్రానికో రంగు వచ్చాయి. కృష్ణపట్నంలో కోస్ట్ గార్డు స్టేషన్ ఉంది. మన రాష్ట్రంలో 21 మెరైన్ పోలీస్ స్టేషన్లు ఏర్పడ్డాయి. కొత్త కొలత ప్రకారం రాష్ట్ర తీరం 1,053 కిలోమీటర్లు కాబట్టి, సగటున ఒక్కో స్టేషన్ వాటాకు 50 కిలోమీటర్ల ఒడ్డు వస్తుంది. వాగులు కలిసే మొగలు, పులికాట్ ముఖద్వారాలు, బకింగ్‌హాం కాలువ పాయలు వేరే. ఒక స్టేషన్, నాలుగు బోట్లు ఉన్నా ఆ మొత్తం కాపలా కాయడం సాధ్యం కాదు. వివిధ రాష్ట్రాల్లో కాగ్ చేసిన ఆడిట్లలో మెరైన్ పోలీసుల బోట్లు రిపేరులో పడి ఉండటం, సిబ్బంది చాలకపోవడం, గస్తీ తిరగాల్సినంత తిరగకపోవడం పదే పదే బయటపడ్డాయి.

ఆర్నెల్లకోసారి సాగర్ కవచ్ పేరుతో మాక్ డ్రిల్ జరుగుతుంది. ఒక జట్టు దాడి చేసేవాళ్లలా వేషం మార్చుకుని తీరంలోకి చొరబడే ప్రయత్నం చేస్తుంది, మిగతా శాఖలన్నీ వాళ్లను పట్టుకోవాలి. పోర్టులు, శ్రీహరికోట రాకెట్ కేంద్రం (షార్) లాంటి చోట్ల ఈ డ్రిల్ చాలా అవసరం. ఆ రెండు రోజులూ తీరమంతా పోలీసులే. డ్రిల్ అయిపోయాక మళ్లీ మిగిలేది మత్స్యకారుడే. అనుమానం వస్తే మెరైన్ పోలీసులకు 1093, కోస్ట్ గార్డుకు 1554 నంబర్లు ఉన్నాయి. ఆ నంబర్లకు ఫోన్ చేయాలనిపించాలంటే ఒకటి కావాలి. నమ్మకం.

ఇక్కడే నెల్లూరు తీరానికి ప్రత్యేకమైన గొడవ ఒకటి ఉంది. దీన్ని చేపల శాఖ వ్యవహారమని పక్కన పెట్టేస్తారు గానీ, సరిహద్దు భద్రతకు దీనికంటే దగ్గరి విషయం లేదు. తమిళనాడు, పుదుచ్చేరి వైపు నుంచి వచ్చే పెద్ద మరబోట్లను ఇక్కడివాళ్లు సోనా బోట్లు అంటారు. ఎక్కువ హార్స్ పవర్ ఇంజిన్లతో అవి ఒడ్డుకు దగ్గరగా వచ్చి వేట చేస్తాయి. చిన్న బోట్ల వాళ్ల వలలు తెగిపోతాయి, చేప మిగలదు. తీరానికి దగ్గరి నీళ్లను సంప్రదాయ మత్స్యకారుల కోసం వదిలిపెట్టాలని రాష్ట్రానికి 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉంది. ఏళ్లుగా పట్టపుపాలేల, అంటే మత్స్యకారుల ఊళ్ల వాళ్లు బోటు నంబర్లు రాసుకుని ఫిర్యాదులు ఇస్తున్నారు, ధర్నాలు చేశారు, కొన్నిసార్లు తామే సముద్రంలోకి వెళ్లి బోట్లను అడ్డుకుని ఒడ్డుకు తెచ్చారు. అది ప్రమాదకరం, చట్టవిరుద్ధం కూడా కావచ్చు. కానీ అక్కడిదాకా ఎందుకు వెళ్లారో అర్థం చేసుకోవాలి.

సోనా బోట్ల వాళ్లు విదేశీయులు కారు. వాళ్లూ మనలాంటి మత్స్యకారులే, వాళ్లకూ అప్పులున్నాయి. ఇమ్మిగ్రేషన్ చట్టానికీ వాళ్లకూ సంబంధం లేదు. సంబంధం వేరే చోట ఉంది. కళ్లముందు రోజూ జరిగే అతిక్రమణ గురించి పదిసార్లు చెప్పినా ఎవరూ రాలేదనుకున్న మనిషి, పదకొండోసారి చీకట్లో ఏదో తెలియని బోటు కనిపిస్తే ఫోన్ తీస్తాడా? ఈ పాలేల్లో ఊరి కాపులు, అంటే ఊరి పెద్దలు, దురాయి (కట్టుబాటు ఆజ్ఞ) వేస్తే ఒక్క బోటు కూడా నీళ్లలోకి దిగదు. అంతటి కట్టుబాటు ఉన్న ఊళ్లు ఇవి. అలాంటి ఊళ్లు ప్రభుత్వం పక్కన నిలబడితే తీరానికి అంతకు మించిన నిఘా ఉండదు. ఆ ఊళ్ల మనసు విరిగితే ఏ రాడారూ ఆ లోటు పూడ్చలేదు. సోనా బోట్ల మీద గట్టిగా, ఎప్పటికప్పుడు చర్య తీసుకోవడం తీర భద్రత ఖర్చులోనే రాసుకోవాల్సిన పద్దు.

ఒడ్డు వాళ్లు ఎంత చురుగ్గా ఉంటారో చూపించే సంఘటన ఒకటి శ్రీకాకుళం జిల్లాలో జరిగింది. 2022 మేలో అసని తుపాను సమయంలో సున్నాపల్లి రేవుకు బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చింది. ఆగ్నేయాసియా దేశాల వైపు నుంచి వచ్చి ఉంటుందని అనుకున్నారు. దాన్ని తాళ్లు కట్టి ఒడ్డుకు లాగింది గ్రామస్తులే. ఆ రోజు వచ్చింది రథం. సముద్రం అవతలి ఒడ్డు ఎంత దగ్గరో ఆ రథం చెప్పింది.

ట్రాన్స్‌పాండర్ల సంగతి కొంత ఆశ కలిగించేది. ఇస్రో తయారు చేసిన పరికరాలను దేశంలో లక్ష బోట్లకు ఉచితంగా అమర్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న ప్రధాని పాల్ఘర్‌లో ప్రారంభించారు. సిగ్నల్ లేని చోట కూడా రెండు వైపులా మెసేజీలు పంపొచ్చు. తుపాను హెచ్చరిక వస్తుంది, సరిహద్దు దగ్గర పడితే హెచ్చరిక వస్తుంది, ఆపదలో ఉంటే మనం చెప్పొచ్చు. మత్స్యకారుడి ప్రాణం కాపాడే వస్తువే దేశానికి కాపలా కూడా అవుతుంది. నిఘా కోసం పెట్టారన్న భయం లేకుండా, మన కోసం పెట్టుకున్నాం అనిపిస్తేనే ఎవరైనా దాన్ని ఆన్‌లో ఉంచుతారు.

ఇక ఒడ్డు దాటి లోపలికి వస్తే, చట్టం రెండో చెయ్యి లాడ్జీ. విదేశీయుడు బస చేస్తే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి. లాడ్జీల వాళ్లు ఇన్నాళ్లూ సి ఫారం అని పిలుస్తున్నది ఇదే. కొత్త చట్టం ఈ బాధ్యతను విద్యాసంస్థల మీద, ఆసుపత్రుల మీద కూడా స్పష్టంగా పెట్టింది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కోసం చైనా నుంచి కొనుగోలుదార్లు వస్తుంటారు, ఒంగోలు హోటళ్లలో దిగుతారు. కృష్ణపట్నానికి వచ్చే సరకు నౌకల్లో విదేశీ సిబ్బంది ఉంటారు. పెద్ద హోటళ్లకు ఇది కొత్త కాదు. బస్టాండు పక్కన ఆరు గదుల లాడ్జీకే ఇబ్బంది. రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడికి పాస్‌పోర్టులో వీసా పేజీ ఏదో, గడువు ఎక్కడ రాసి ఉంటుందో ఎవరూ చూపించి ఉండరు. జిల్లాలో విదేశీయుల రిజిస్ట్రేషన్ బాధ్యత ఎస్పీదే కాబట్టి, ఏడాదికోసారి లాడ్జీల వాళ్లను పిలిచి ఒక పూట నేర్పించడం పెద్ద పని కాదు.

మూడో చెయ్యి దగ్గర విషయం సున్నితమవుతుంది. గ్రానైట్ ఫ్యాక్టరీల్లో, రొయ్యల చెరువుల మీద, ప్రాసెసింగ్ ప్లాంట్లలో, రామాయపట్నం లాంటి పెద్ద నిర్మాణ పనుల్లో పొరుగు రాష్ట్రాల కూలీలే ఎక్కువ. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి వస్తారు. బెంగాలీ మాట్లాడేవాడిని చూసి బంగ్లాదేశ్ వాడేమో అనుకోవడం చాలా తేలిక. ముర్షిదాబాద్ వాడి మాటకూ, పద్మా నదికి అవతలి వాడి మాటకూ తేడా చెప్పడం మన ఒంగోలు మనిషికి సాధ్యమా? ఆధార్ చూశాం కదా అంటాడు మేస్త్రీ. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు, దేశంలో నివసిస్తున్నాడని మాత్రమే చెబుతుంది. మరి ఆ కూలీ ఏం చూపించాలి? ఊళ్లో ఇంటిదగ్గర పెట్టెలో ఉన్న పుట్టిన తేదీ సర్టిఫికెట్టా, తండ్రి పేరున్న పాత ఓటరు జాబితానా?

పొరపాటు జరిగితే ఎంత దూరం పోతుందో 2025లోనే దేశం చూసింది. పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాకు చెందిన గర్భిణి ఒకామెను జూన్‌లో ఢిల్లీలో పట్టుకుని, కుటుంబంతో సహా బంగ్లాదేశ్‌లోకి పంపేశారు. అక్కడ వాళ్లను చొరబాటుదారులని జైల్లో పెట్టారు. సెప్టెంబరులో కలకత్తా హైకోర్టు వాళ్లను వెనక్కి తీసుకురమ్మంది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లాక, డిసెంబరులో ఆమెను, చిన్న కొడుకును మానవతా దృష్టితో తీసుకొచ్చారు. ఆరు నెలలు. నిండు గర్భంతో. తప్పుగా పంపేసిన ఒక్క మనిషిని వెనక్కి తేవడానికి రెండు పెద్ద కోర్టులు కదలాల్సి వచ్చింది.

పాత చట్టంలో ఉన్నట్టే కొత్త చట్టంలోనూ తాను విదేశీయుణ్ణి కాదని రుజువు చేసుకోవాల్సిన భారం ఆ మనిషి మీదే ఉంది. దీనికి కారణం లేకపోలేదు. ఎవరు ఎక్కడ పుట్టారో ఆ వ్యక్తికే బాగా తెలుస్తుంది, ప్రభుత్వానికి తెలియదు. 2005లో సర్బానంద సోనోవాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ వాదనను సమర్థించింది. అయితే అదే కోర్టు 2024 జులైలో అస్సాం నుంచి వచ్చిన కేసులో ఒక గీత గీసింది: దారిన పోయే మనిషిని ఆపి నువ్వు విదేశీయుడివి, కాదని నిరూపించుకో అనడానికి వీల్లేదు. ముందు ప్రభుత్వం దగ్గర ఏదో ఒక ఆధారం ఉండాలి, ఆ ఆధారం ఏమిటో ఆ మనిషికి చెప్పాలి. ఈ తీర్పు కొత్త చట్టం పక్కనే పెట్టుకుని చదవాల్సింది. ఎందుకంటే కొత్త చట్టం ప్రకారం హెడ్ కానిస్టేబుల్ స్థాయి పోలీసు కూడా వారెంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు. అంత పెద్ద అధికారం అంత కింది మెట్టు మీద పెట్టినప్పుడు, ఆ మెట్టు మీద ఉన్నవాడికి ఈ తీర్పు తెలుగులో ఒక పేజీ రాసి ఇవ్వాలి.

ఈ చిక్కుకు పరిష్కారం చాలావరకు కార్మిక చట్టంలోనే ఉంది. అంతర్రాష్ట్ర వలస కార్మికులను కాంట్రాక్టరు నమోదు చేయాలని 1979 నుంచే చట్టం ఉంది. 2025 నవంబరు 21 నుంచి అది కొత్త లేబర్ కోడ్‌లో కలిసింది. ఈ రిజిస్టర్ నిజంగా రాస్తే, కూలీ ఊరు, జిల్లా, పోలీస్ స్టేషన్, ఇంటి ఫోన్ నంబరు చేరిన రోజే కాగితం మీదికి వస్తాయి. ఆ జిల్లాకు ఒక మెయిల్ పెడితే తేలిపోతుంది. అనుమానంతో అర్ధరాత్రి షెడ్ల మీద పడాల్సిన పని ఉండదు. చాలా చోట్ల రిజిస్టర్ ఎందుకు ఉండదంటే, పేరు రాస్తే పీఎఫ్, ఇన్సూరెన్స్, కనీస వేతనం కూడా రాయాల్సి వస్తుంది. 2025 ఆగస్టులో బల్లికురవ దగ్గర గ్రానైట్ క్వారీలో రాళ్లు విరిగిపడి ఆరుగురు ఒడిశా కూలీలు చనిపోయారు. అలాంటి రోజున కుటుంబానికి కబురు చేయడానికి, పరిహారం రావడానికి పనికొచ్చేది కూడా ఈ రిజిస్టరే. చొరబాటుదారుణ్ణి పట్టించేదీ, కూలీని కాపాడేదీ ఒకే పుస్తకం.

ఈ జిల్లాల మెట్ట ఊళ్లలో ఈ చట్టం గురించి వేరే రకంగా అర్థమయ్యే ఇళ్లున్నాయి. కువైట్‌లో యజమాని ఇంటి నుంచి బయటపడి ఖల్లివల్లి అయిపోయి, వీసా లేక, దొరికితే ఏమవుతుందో అన్న టెన్షన్‌తో బతికిన ఆడబిడ్డల ఇళ్లు. 2018లో, 2024లో కువైట్ ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటించినప్పుడు టికెట్టు డబ్బుల కోసం పరుగులు పెట్టిన ఇళ్లు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానంలో 104 మంది భారతీయులను సంకెళ్లతో అమృత్‌సర్‌లో దించినప్పుడు, అమెరికాలో పిల్లలున్న నెల్లూరు ఇళ్లలో ఫోన్లు ఎలా మోగాయో చెప్పనక్కర్లేదు. గుజరాత్ తీరంలో వేటకు పోయి, తెలియక గీత దాటి, పాకిస్తాన్ జైల్లో ఏడాదికి పైగా మగ్గి, 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చిన 20 మంది ఉత్తరాంధ్ర మత్స్యకారులు కూడా అక్కడి చట్టం దృష్టిలో విదేశీ చొరబాటుదారులే. అంతమాత్రాన మన చట్టం మెత్తగా ఉండాలని కాదు. దొంగ పాస్‌పోర్టులు చేసే ఏజెంటుకు ఏడేళ్లు పడాల్సిందే, ఆ ఏజెంటు వల్ల నాశనమైంది ఎక్కువగా మన పిల్లలే. కానీ పట్టుబడిన మనిషి నేరం చేయడానికి వచ్చాడా, దారి తప్పాడా, అసలు విదేశీయుడేనా అని తేల్చే పద్ధతి చట్టంలో బలంగా ఉండాలి. అప్పీలుకు సరైన చోటు లేకపోవడం ఈ చట్టంలో పెద్ద లోటు. ఎవరిని దేశంలోకి రానివ్వాలి, ఉండనివ్వాలి అన్న విషయంలో ఇమ్మిగ్రేషన్ అధికారి నిర్ణయమే తుది నిర్ణయం అని రాసేశారు.

శ్రీలంక తమిళ శరణార్థుల విషయంలో కేంద్రం కొంత మెతకదనం చూపింది. 2015 జనవరి 9 లోపు వచ్చి రిజిస్టరు చేయించుకున్నవాళ్లను శిక్షల నుంచి మినహాయించింది. అది మంచి నిర్ణయం. మినహాయింపు ఉత్తర్వు మీద ఆధారపడేది రేపు మారొచ్చు. చట్టంలో శరణార్థి అన్న మాటకు ఒక అర్థం రాసి ఉంటే ఇంకా నిలకడగా ఉండేది.

పార్లమెంటు మళ్లీ సవరించేదాకా జిల్లాలో చేయగలిగింది ఒకటుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచితంగా లాయరును ఇవ్వాలి. ఆ మనిషి ఏ దేశస్తుడన్నది అడ్డం రాదు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థలు ఉన్నాయి. ఇసకపల్లి మెరైన్ స్టేషన్‌లోనో చీమకుర్తి స్టేషన్‌లోనో విదేశీయుడన్న అనుమానంతో ఒకరిని కూర్చోబెట్టిన గంటలోనే ఆ సంస్థకు ఫోన్ వెళ్లాలని, బెంగాలీయో సింహళమో తమిళమో తెలిసిన దుబాసిని పిలిపించాలని ఎస్పీ ఒక ఉత్తర్వు ఇవ్వొచ్చు. దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు.